ఘటం ఒకటి, చేతులు నాలుగు

చచ్చిపోయిన మనుషుల్ని పెళ్ళి ఫొటోల్లో నిలబెట్టడం నా పని. వెటకారం కాదు, నిజంగానే. రాయగడలో నాకో చిన్న వీడియో మిక్సింగు షాపుంది. పెళ్ళికి నెల ముందు తాతగారు పోతే, పాత ఆల్బంలోంచి ఆయన్ని తవ్వి తీసి, కొత్త దంపతుల వెనకాల అక్షింతలు వేస్తున్నట్టు నిలబెడతాను. చూసినవాళ్ళు ఏడుస్తారు. ఏడ్చినవాళ్ళు పక్కింటివాళ్ళకి నా షాపు పేరు చెబుతారు. మా నాన్న మునిసిపాలిటీలో కుళాయిలు తిప్పే ఉద్యోగం చేసి, నీళ్ళు రాని ప్రతి పూటా ఊరి చేత మాటలు పడ్డాడు. నేను ఎవరిచేతా మాట పడకుండా బతుకుతున్నానని నాకో గర్వం ఉండేది. కన్నయ్య సావుకారు నా షాపు మెట్టెక్కేదాకా ఉండేది.

కన్నయ్య గారిది మెయిన్ రోడ్డులో పప్పులూ నూనెల హోల్‌సేలు. ఆయన తమ్ముడు సూర్యానిది కోరాపుట్‌లో స్టీలు సామాను హోల్‌సేలు. ఇద్దరికీ మాటల్లేవు. ఎందుకని అడిగితే ఊళ్ళో ఒక్కొక్కరూ ఒక్కో భారతం విప్పుతారు గానీ, అసలు సంగతి ఇంతే. పార్వతీపురంలో మేనమామ కూతురి పెళ్ళిలో అన్నగారిని తొలి బంతిలో కూర్చోబెట్టి, తమ్ముణ్ణి రెండో బంతికి ఆగమన్నారు. అన్నగారు తమ్ముడి కోసం ఆగకుండా విస్తట్లో చెయ్యి పెట్టేశాడు. గుత్తొంకాయ వేడిగా ఉందట. ఆ వంకాయ ఎప్పుడో చల్లారింది, వీళ్ళు మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.

మధ్యలో నలిగిపోయింది వాళ్ళమ్మ పాపాయమ్మ. సూర్యం పసివాడుగా ఉన్నప్పుడు జ్వరమొచ్చి కళ్ళు తేలేస్తే, ఆవిడ రాయగడ అమ్మవారు మజ్జిగౌరమ్మకి మొక్కుకుంది. ఈ గుంటడు బతికితే, పెద్దయ్యాక నా ఇద్దరు కొడుకులూ కలిసి ఒక్క ఘటం మోసుకొచ్చి నీ గుమ్మంలో దింపుతారు తల్లీ అని. ఆ మొక్కు తీరేదాకా పనస తొన ముట్టనంది. గుంటడు బతికాడు. చదువులనీ, కొట్లనీ, పెళ్ళిళ్ళనీ మొక్కు వాయిదా పడుతూ వచ్చింది, గుత్తొంకాయ గొడవతో పూర్తిగా ఆగిపోయింది. పాపాయమ్మ ఏ కొడుకింటా ఉండనని పొట్టంగిలో కూతురు గున్నమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. ఎండాకాలమొస్తే ఆ కొండల్లో ఏ ఇంటికెళ్ళినా పనస వాసనే. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని తిరిగేదట.

ఈ ఏడు ఆవిడకి గుండె నీరసించింది. "మొక్కు తీరకండా పోతే అమ్మోరి ముందు ఏ మొగం ఎట్టుకుని నిలబడతాన్రా" అని కొడుకులిద్దరికీ కబురు మీద కబురు. బంధువుల్లో గుసగుసలు మొదలయ్యాయి. సావుకార్లకి నూనె ధర పడిపోయినా ఫర్వాలేదు, పేరు పడిపోకూడదు. అందుకే కన్నయ్య గారు నా షాపుకొచ్చారు.

"ఒరే జగనూ, సచ్చిపోయిన తాతని పెళ్ళికొడుకు పక్కన నిలబెట్టినోడివి. బతికున్న తమ్ముణ్ణి నా పక్కన నిలబెట్టలేవేటి?"

"దానికి నేనెందుకండీ? ఆయన్ని రమ్మంటే ఆయనే నిలబడతారు."

"ఆడు రాడు. ఆడొస్తే నాను నిలబడను. అందుకే కదేటి నీకాడికొచ్చేను!"

ఆయన ఆలోచన ఇదీ. వాళ్ళ కుటుంబం బొబ్బిలి వైపునుంచి ఎడ్లబండి మీద కొండెక్కి వచ్చి ఎలా బాగుపడిందో ఒక సినిమా తియ్యాలి. చివర్లో అన్నదమ్ములిద్దరూ ఒక్క ఘటం పట్టుకుని అమ్మవారి ముందు నిలబడాలి. ఆ ముక్క అమ్మకి టీవీలో చూపించి, మొక్కు తీరిపోయిందనాలి. ఈ సంగతి తెలిసి సూర్యం మండిపడతాడనుకున్నాను. ఆయన కోరాపుట్ నుంచి ఫోన్ చేసి ఒక్కటే అడిగాడు, తెర మీద అన్నగారు ఎంతసేపు కనబడితే తనూ అంతసేపు కనబడాలని. గుత్తొంకాయ తర్వాత అన్నదమ్ములు ఒక్క మాట మీదికి వచ్చింది ఇదే మొదటిసారి. అదీ అమ్మని మోసం చెయ్యడానికి. సినిమాకి 'ఒక గూటి అన్నదమ్ములు' అని పేరు పెట్టారు. పేరు చూసి నవ్వితే పని పోతుందని పళ్ళు బిగబట్టాను.

కెమెరా దేబాశిష్‌ది. సునాబెడ కుర్రాడు, ఒరియావాడు. తెలుగంతా టీవీలో పౌరాణికాలు చూసి నేర్చుకున్నాడు. అందుకని టీ అడిగినా శపథం చేస్తున్నట్టే ఉంటుంది.

ఒకే తెర మీద రెండు వేర్వేరు పూటల మనుషుల్ని కలిపే పద్ధతి చెప్పుకోవడానికి తేలికే. కెమెరాని స్టాండు మీద బిగించి, ఇక దాని జోలికి పోకూడదు. ముందు ఎడమవైపు అన్నగారిని నిలబెట్టి తీస్తాం. ఆయన వెళ్ళిపోతాడు. తర్వాత అదే చోట కుడివైపు తమ్ముణ్ణి నిలబెట్టి తీస్తాం. మొదటి దాంట్లోంచి ఎడమ సగం, రెండో దాంట్లోంచి కుడి సగం తీసి కంప్యూటర్లో పక్కపక్కన పెడితే ఇద్దరూ కలిసి నిలబడ్డట్టే. మధ్యలో ఏ స్తంభమో ఉంటే అతుకు దాని అంచున దాక్కుంటుంది. కదలకూడనిది కదలకుండా, మారకూడనిది మారకుండా చూసుకుంటే చాలు, బ్రహ్మదేవుడు కూడా పట్టుకోలేడు.

"స్తంభానికి చెరో పక్కా నిలబడితే మొక్కు తీరినట్టేటి?" అన్నారు కన్నయ్య గారు. "మాయమ్మేటి ఎర్రిదనుకున్నావా? ఘటం ఒకటుండాల, సేతులు నాలుగుండాల."

అంటే అతుకు ఘటం మధ్యనుంచి పోవాలి. గుండ్రటి కుండ, నున్నటి పసుపు, దాని మీద బొట్లు. దాక్కోవడానికి అతుక్కి గడ్డిపరక కూడా లేదు. అయినా సరేనన్నాను. నా నోటికి తాళం లేకపోవడం నా ఖర్మ.

అన్నగారి ఊళ్ళో తీస్తే తమ్ముడు రాడు, తమ్ముడి ఊళ్ళో తీస్తే అన్న రాడు. చివరికి నడుమ లక్ష్మీపురం దగ్గర మూతపడ్డ రైసు మిల్లొకటి కుదిరింది. ఎండ మారితే నీడలు మారతాయి కాబట్టి షట్టర్లన్నీ దించేసి రెండు లైట్లు పెట్టాం. వెనక గుడి గుమ్మం ఫ్లెక్సీ కట్టాం. ఘటాన్ని ఒక స్టూలు మీద పెట్టి, స్టూలు కనపడకుండా దాని పైనుంచే ఫ్రేము కట్టాం. కెమెరా స్టాండు కాళ్ళ మీద కందిపప్పు బస్తాలు వేసి, ఘటం చుట్టూ సుద్దతో గీత గీశాను. "ఈ గీత లక్ష్మణరేఖ! దాటినవాడు నాశనమగుగాక!" అన్నాడు దేబాశిష్, ఖాళీ మిల్లులో ఎవరినుద్దేశించో.

పొద్దున్నే అన్నగారు పట్టుపంచెలో దిగారు. ఆయన భార్య సత్యభామ గారు ఘటానికి పల్చగా పసుపు రాసి, సన్నటి బొట్లు పెట్టి, నీళ్ళు పోసి, మూతి దగ్గర రెండు వేపరెమ్మలు పెట్టారు. ఇక చూపు సమస్య. ఎదురుగా మనిషి లేనప్పుడు ఎటు చూడాలో తెలియాలి కదా! తమ్ముడి మొహం ఉండాల్సిన చోట, అదే ఎత్తులో, ఒక చీపురు వేలాడదీశాం. అది కుడి సగంలో ఉంటుంది గనక తర్వాత ఎలాగూ కత్తిరించేస్తాం.

కన్నయ్య గారు రెండు చేతులతో ఘటం పట్టుకుని చీపురు వైపు చూశారు.

"తమ్ముడూ! ఎంత దూరమైపోయేంరా! నువ్వు లేకండా ఒక్క పండగ పండగనిపించిందేట్రా నాకు!"

కళ్ళంట నీళ్ళు బొటబొటా కారాయి. గ్లిజరిన్ లేదు, ఏమీ లేదు. సత్యభామ గారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. దేబాశిష్ నా చెవిలో, "ఇతని హృదయము నవనీతము" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఒరేయ్ మహానుభావా, ఆ చీపురుతో అన్న మాట ఒక్కసారి ఫోన్‌లో తమ్ముడితో అంటే ఈ బస్తాలూ, లైట్లూ, నేనూ ఎందుకురా? పైకి మాత్రం "అద్భుతం సావుకారు గారూ" అన్నాను.

ఆయన కారెక్కి రాయగడ వైపు వెళ్ళాక గాని తమ్ముడి కారు రాకూడదు, దార్లో ఎదురుపడకూడదు. ఆ ఖాళీలో నేనూ దేబాశిష్ బయట నీడన కూర్చుని పులిహోర పొట్లాలు విప్పాం. మేము తింటుండగానే సూర్యం దంపతులు వెనక గేటునుంచి లోపలికి వెళ్ళారు. చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళేసరికి పచ్చి పసుపు వాసన గుప్పుమంది.

సూర్యం భార్య లక్ష్మీదుర్గ ఘటం ముందు చేతులు జోడించి నిలబడి ఉంది. ఘటం ఉన్నచోటే ఉంది, సుద్దగీత మీంచి వెంట్రుకంతైనా జరగలేదు. కానీ మొహం మారిపోయింది. ముద్దగా కొత్త పసుపు, అరచేతిలో పట్టనంత బొట్లు, మూతి చుట్టూ గుబురుగా వేపమండలు.

"ఏమిటమ్మా ఇది! ఏదీ ముట్టుకోవద్దని చెప్పలేదా?" అన్నాను.

"ముట్టుకోకపోతే ఎలాగబ్బాయ్? పొద్దుట ఎత్తి దింపీసిన ఘటం అది. దాన్నే తిరిగి అమ్మోరి ముందు ఎత్తుతారేటి? నీలు పారబోసి, కడిగి, మీ గీతలోనే తిరిగెట్టి, పసుపు రాసి బొట్టెట్టేను. మీ మగోలకి తెలీకపోతే మాకూ తెలీదేటి?"

ఆవిడ తప్పు చెయ్యలేదు. అదే నా ఏడుపు. ఒకసారి దింపిన ఘటాన్ని కడిగి కొత్తగా పసుపు రాయకుండా మళ్ళీ ఎత్తరు, మా అమ్మైనా అదే చేసేది. సినిమా అని తెలిసినా, స్టూలని తెలిసినా, ఆవిడకి ఘటం ఘటమే. మోసమని తెలిసే అందరం చేస్తున్న ఆ పనిలో భక్తి అంటూ ఉన్నది ఆవిడ ఒక్కదానికే.

"పోనీ, ఆ బొట్లు కాస్త తుడిచి, పొద్దుటిలాగ సన్నగా..." అన్నాను.

లక్ష్మీదుర్గ రెండు చెంపలూ వేసుకుంది. "అమ్మోరి బొట్టు తుడిసీమంటావేటి? నీ నోట్లో నీలొయ్య!"

సూర్యం ముందుకొచ్చాడు. "మా వొదిన ఎట్టిన బొట్టు ఉంచీడానికి, మాయావిడ ఎట్టిన బొట్టు తుడిసీడానికా నాను కోరాపుట్‌నుంచి వొచ్చేను? కెమెరా పెట్టు."

పెట్టాం. చీపురు వైపు చూడ్డం తనకి అవమానమన్నాడు కాబట్టి, ఎడమవైపు ఒక కర్రకి దేబాశిష్ హెల్మెట్టు తగిలించాం. దాన్ని చూసి ఆయన కూడా "అన్నయ్యా" అని బావురుమన్నాడు. ఏడుపులో అన్నదమ్ములిద్దరికీ ఒకటే పోలిక.

షాపుకొచ్చి రెండు సగాలూ పక్కపక్కన పెట్టి చూశాను. మనుషులు బాగా అతికారు. ఘటం అతకలేదు. ఎడమ సగం వెలిసిపోయిన పసుపు, ఆవగింజంత బొట్లు. కుడి సగం మెరిసిపోయే పసుపు, పెద్ద పెద్ద బొట్లు, పైన అడవి. రెండిళ్ళ కుండల్ని కత్తితో నరికి కలిపినట్టుంది. రంగు మార్చాను. ఎడమ పసుపు చిక్కబడింది గానీ కన్నయ్య గారికి పచ్చకామెర్లు వచ్చాయి. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందనుకుని వదిలేశాను.

ఇక ఒక్కటే దారి. ఘటాన్ని సగాలు చెయ్యకుండా, మొత్తం ఏదో ఒక పూట తీసిన టేకులోంచి తీసుకోవాలి. అన్నగారి టేకులోంచి తీసుకుంటే ఘటం శుభ్రంగా ఉంటుంది గానీ తమ్ముడి వేళ్ళు మాయమవుతాయి. ఎందుకంటే ఆ వేళ్ళు పట్టుకున్నది తన పూట ఘటాన్ని. తమ్ముడి టేకులోంచి తీసుకుంటే అన్నగారి వేళ్ళు పోతాయి. వేళ్ళు మాత్రం విడిగా కత్తిరించి అతికిద్దామని చూశాను. వాటి వెంట పసుపు ముద్దా, వేపాకులూ వేలాడుతూ వచ్చాయి. ఎటు చూసినా ఒకరికి మణికట్టు దాకానే చెయ్యి.

ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి సంగతి చెప్పాను. అదే నేను చేసిన పెద్ద తెలివితక్కువ పని.

"పెద్దోణ్ణి నాను. ఘటం నాదే ఉండాల," అన్నారు కన్నయ్య గారు. "ఆడి వేళ్ళు లేకపోతే వొచ్చిన నష్టమేటి? మొగం కనబడతంది కదా."

"మొక్కు మొక్కింది నా కోసం. జొరం నాది. ఘటం నాదే," అన్నాడు సూర్యం. "ఆయన వేళ్ళు తీసీ. తొలి బంతిలో తిన్న వేళ్ళే కదా."

వెనకనుంచి ఆడవాళ్ళ గొంతులు కూడా వినబడ్డాయి. నేను పెట్టిన బొట్లు లెక్కలోకి రావా అని ఒకరు, నా పసుపు కారం పొడేటి అని ఒకరు. నా పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. పోనీ ఇద్దరూ ఒక్కసారి కలిసి వస్తే ఒక్క టేకులో అయిపోతుంది, అతుకూ ఉండదు, గొడవా ఉండదు అన్నాను. ఇద్దరూ ఒకే మాటన్నారు. "అలాగైతే నువ్వెందుకు?"

ఈ లోగా తెలిసిందేమిటంటే, షూటింగు జరిగిన సాయంత్రమే ఇద్దరూ పొట్టంగికి ఎవరి ఫోన్ వాళ్ళు చేసేశారు. "మొక్కు తీరిపోనాదమ్మా, ఇద్దరం కలిసి ఘటం ఎత్తేం" అని. అతుకు పడకముందే మొక్కు తీర్చేశారు.

రెండ్రోజులు పోయాక పొద్దున్నే షాపు తలుపు తోసుకుని ఒక ముసలావిడ వచ్చింది. చేతిలో స్టీలు గిన్నె, నుదుటి మీద పెద్ద బొట్టు. మెట్లెక్కిన ఆయాసంతో గోడ పట్టుకుని నిలబడింది. కుర్చీ వేశాను.

"జగనంటే నువ్వే కదేటి? నాను పాపాయమ్మని. కన్నయ్య, సూర్యం వోలమ్మని." గిన్నె మూత తీసింది. బంగారు రంగు పనస తొనలు. "మొక్కు తీరిపోనాదని ఫోన్ సేసేరు బావూ. నిన్న తిన్నాను. ఎన్నేళ్ళకో తిన్నాను! నా కొడుకులిద్దర్నీ కలిపినోడివి, నీకు పెట్టకండా తింటే అరగదని రెండు బస్సులు మారొచ్చేను. తిను, తిను. తినుకుంటూ నాకా బొమ్మ సూపించు."

నా నోట్లో తొన రాయిలా అయింది. ఆవిడ కూడా ఒకటి నోట్లో వేసుకుంది. కంప్యూటరు ఆపుదామని తిరిగేసరికి ఆలస్యమైపోయింది. తెర మీద ఆవిడ ఇద్దరు కొడుకులూ ఉన్నారు. ఎడమ పక్కన పెద్దోడు ఏడుస్తున్నాడు, కుడి పక్కన చిన్నోడు ఏడుస్తున్నాడు, మధ్యలో చీలిన ఘటం.

పాపాయమ్మ లేచి తెర దగ్గరికి వచ్చింది. ఘటం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి అతుకు వెంట గీసింది.

"ఇదేటి, ఇలాగుంది?"

"అది... కంప్యూటర్లో కొంచెం పని మిగిలుంది మామ్మగారూ. సరిచేస్తాను."

"ఇటు పెద్ద కోడలి బొట్టు. అటు సిన్న కోడలి బొట్టు. ఒక ఘటానికి ఇద్దరెట్టరు నాయనా." నా వైపు తిరిగింది. "నిజం సెప్పు. ఇద్దరూ ఒక్క పాలైనా ఎదురుపడ్డారా?"

చచ్చిపోయిన తాతల విషయంలో ఎన్ని అబద్ధాలైనా ఆడగలను. ఆ కళ్ళలోకి చూసి ఒక్కటి కూడా ఆడలేకపోయాను.

"లేదు మామ్మగారూ."

"మరి పెద్దోడు ఎవుల్ని సూసి అంతలాగ ఏడుస్తన్నాడు?"

"చీపుర్ని."

"సిన్నోడో?"

"హెల్మెట్టుని."

ఆవిడ నోట్లోని తొన అరచేతిలోకి ఉమ్మేసింది. కోపమనుకున్నాను, కాదు, భయం. గోడ మీద క్యాలెండర్‌లో అమ్మవారి బొమ్మకేసి చూస్తూ చెంపలు వేసుకుంది. "నాచేత తినిపించేరు కదరా! మొక్కు తీరకండా నాచేత తినిపించేరు! అమ్మా, నాకు తెలీదు తల్లీ, తెలీక తిన్నాను. ఆ గుంటల మీద కోపం ఎట్టుకోకు, కావాలంటే నా మీద ఎట్టుకో!"

ఆవిడ అలా ఏడుస్తుంటే నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. పని కదా అని చేశాను, ఎవరూ చచ్చిపోలేదు కదా అనుకున్నాను. బతికున్న మనిషిని ఇంత భయపెడతానని నాకేం తెలుసు? మంచినీళ్ళిచ్చాను. తాగింది. మిల్లులో ఎవర్ని ఏ పూట తీశానో చెప్పేశాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, ఒక్కసారిగా సావుకారు తల్లిలా మాట్లాడింది.

"అప్పుడు పెద్దోడికి పొద్దుటనీ, సిన్నోడికి మద్దేనమనీ సెప్పేవు కదా?"

"అవునండీ."

"ఇప్పుడు మంగళారం నాడు ఇద్దరికీ ఒకటే టైము సెప్పు. గుడికాడ ఒక ముక్క తీస్తన్నావని సెప్పు. ఒకడొస్తన్నట్టు రెండోడికి తెలియనియ్యకు."

"అది మోసం కదా మామ్మగారూ."

"నీకు అలవాటే కదేట్రా."

ఫోన్ తీశాను. "మీ ఘటమే ఉంచుతున్నాను, ఒక్క షాట్ మళ్ళీ తియ్యాలి, రెండో ఆయన రారు" అని ఇద్దరికీ అదే మాట చెప్పాను. ఇద్దరూ ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు. గెలిచామన్న ఆనందంలో మనిషి ఏదైనా నమ్ముతాడు.

మంగళవారం గుడి వీధి జనంతో కిటకిటలాడుతోంది. దేబాశిష్‌ని కెమెరా తేవద్దన్నాను, ఖాళీ చేతులతో వచ్చాడు. పాపాయమ్మ ఇద్దర్నీ నిలబెట్టి నాలుగు చీవాట్లు పెడుతుందనుకుంటున్నాను. ఇద్దర్నీ ఒకే టైముకి రప్పించమన్నదే తప్ప ఆవిడ నాతో ఇంకేమీ చెప్పలేదు. అటు నుంచి కన్నయ్య గారి కారు, ఇటు నుంచి సూర్యం కారు దాదాపు ఒకేసారి ఆగాయి. ఇద్దరూ దిగారు, ఒకరినొకరు చూసుకున్నారు, ఇద్దరి మొహాలూ మాడిపోయాయి. ఇద్దరూ మళ్ళీ కారు తలుపుల మీద చేతులు వేశారు.

అప్పుడు కనబడింది పాపాయమ్మ. పూలు అమ్మే ఆవిడ చేత ఎత్తించుకుందట, నిండా నీళ్ళున్న ఘటం నెత్తిన పెట్టుకుని వీధి మధ్యలో నడిచి వస్తోంది. మెట్లెక్కితేనే ఆయాసపడే మనిషి. రెండు అడుగులేసింది, మూడోది తడబడింది. మెడ వణికింది, ఘటం పక్కకి ఒరిగింది. నేను కెవ్వుమన్నాను.

సావుకార్లిద్దరూ పరుగెత్తారు. చెప్పులు ఎక్కడ వదిలేశారో వాళ్ళకే తెలియదు. చెరో పక్కనుంచీ నాలుగు చేతులు ఘటాన్ని పట్టేశాయి, తల్లి నెత్తి మీంచి దింపి ఇద్దరి మధ్యా నిలిపాయి. వీధంతా చూస్తోంది. కన్నయ్య గారి బేరగాళ్ళున్నారు, సూర్యం బంధువులున్నారు. ఇప్పుడు అమ్మవారి ఘటాన్ని ముందుగా ఎవడు వదిలేస్తాడు? అది జన్మలో పోయే మచ్చా? ఇద్దరూ ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ప్రేమో, పంతమో నేను చెప్పలేను.

కన్నయ్య గారు పెదవులు కదపకుండా నన్నడిగారు. "కెమెరా ఎక్కడ పెట్టేవురా?"

"తేలేదండి."

ఆయన మొహం చూడాలి! దేబాశిష్ మాత్రం కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, ఈసారి ఏ శపథమూ చెయ్యకుండా ఊరికే నిలబడ్డాడు.

"ఊఁ, నడవండి," అంది పాపాయమ్మ వెనకనుంచి.

నడిచారు. ఒక కుండని ఇద్దరు పట్టుకుని నడవడం అంత తేలిక కాదు, ఒకరడుగు చూసి ఒకరు వెయ్యాలి. అన్నగారు అటు మొహం తిప్పుకున్నారు, తమ్ముడు ఇటు తిప్పుకున్నాడు. మొదటి మెట్టు దగ్గర నీళ్ళు తొణికి ఇద్దరి పంచెలూ తడిశాయి.

"పైకెత్తు. నీ పక్కకి వొరిగిపోతంది," అన్నారు కన్నయ్య గారు, గాలితో అన్నట్టు.

"నా పక్క కాదు, నీ పక్కే. ముందు నువ్వెత్తు," అన్నాడు సూర్యం.

"పెద్దోడికి సెప్తావేట్రా నువ్వు?"

"పెద్దోడైతే కిందకి దించీయాలేటి?"

పెళ్ళి బంతి తర్వాత అన్నదమ్ములు ఎదురెదురుగా ఆడుకున్న మొదటి మాటలవి. జనం నవ్వు ఆపుకోలేకపోతున్నారు. పాపాయమ్మ నవ్వలేదు. ఆవిడ చూపు ఆ నాలుగు చేతుల మీదే ఉంది.

"తిట్టుకుంటే తిట్టుకోండ్రా," అంది. "సేతులు మాత్రం తియ్యకండి."